తలుపు దగ్గర పెట్టెలు

లారీ డ్రైవరు నాబోర్ తనతో పెళ్లి వద్దన్న కక్షతోనే యులాలియా వాడి లారీ సరుకును తప్పుబట్టిందని నొగాలెస్‌లో మా వీధంతా కోడై కూస్తోంది. ఆ మాట పుట్టించిన నోరు గోదాము యజమానిదేనని నాకు తెలుసు. కూరగాయల గోదాము గేటు దగ్గర టమాలెలు, అంటే పొత్తి ఆకుల్లో ఉడికించిన మొక్కజొన్న ముద్దలు, అమ్మే చోలేను నేను. ఆ రోజు జరిగిందంతా కళ్లారా చూశాను.

యులాలియా పని సరుకు పరీక్ష. కీరదోసకాయలు చల్లగా ఉంటే పెట్టెల మీద ముద్ర వేస్తుంది, ఆ తరవాతే లారీ కదలాలి. ఈ చలికాలం పొలం నుంచి దుకాణం దాకా కూరగాయలు ఎంత తాజాగా చేరుతున్నాయో చూసి మార్కులు వేయడానికి పైనుంచి మనుషులొచ్చారు. వాళ్ల పరీక్ష ఏమిటంటే, లారీ తలుపు తీసి, చేతికందిన పెట్టెలో వేడి కొలిచే సూది గుచ్చి, తలాడించి వెళ్లిపోవడం. అది తెలిసే మా గోదాముల్లో బాగా చల్లారిన పెట్టెలు తలుపు దగ్గర సర్దుతారు. ఎండలోంచి నేరుగా వచ్చినవి లోపలికి తోస్తారు. లారీ యంత్రం చల్లటి సరుకును కాపాడుతుంది గానీ వెచ్చటిదాన్ని చల్లార్చలేదు. దారిలో కాయ మెత్తబడితే తిట్లన్నీ డ్రైవరుకే. అలా తిట్లు తిని తిని నాబోర్ పని ఊడే దాకా వచ్చాడు.

ఆ రోజు మార్కులు వేసేవాళ్లు నిలబడి ఉండగా, ఎవరిస్తో అనే ఆ గోదాము యజమాని ముద్ర వెయ్యమని తొందరపెడుతుంటే, యులాలియా పెట్టెల మీదుగా పాకుతూ లారీ లోపలి చివరికి వెళ్లి ఒక పెట్టె లాక్కొచ్చింది.

"ఇప్పుడు గుచ్చండి" అంది వాళ్లతో.

కాయ నేనూ ముట్టుకున్నాను. నా టమాలె కన్నా వెచ్చగా ఉంది. గోదాముకు మార్కులు పోయాయి. సాయంత్రానికి యులాలియా పని పోయింది.

లారీ కదలకముందే సరుకు వెచ్చగా ఉందని తేలడంతో నాబోర్ ఉద్యోగం మాత్రం నిలిచింది. అయినా వీధి ఆమెను ఆడిపోసుకుంటుంటే, నా దగ్గరే తింటూ నోరు విప్పడు. నీ పొట్టకూడు నిలబెట్టింది కదరా అని గట్టిగా అడిగితే, "నాకెందుకు డోన్యా చోలే, యజమానికి కోపమొస్తుంది" అన్నాడు. వాడికి రెండో టమాలె పెట్టలేదు.

నిన్న యులాలియా ఇంటికే వెళ్లి, వాడి మీద కోపంతో చేశావా, వాడి కోసం చేశావా, ఏదో ఒకటి చెప్పమని కూర్చున్నాను.

"వాడి సంగతే అయితే ఇంకో నెల తిట్లు తిననిచ్చేదాన్ని, డోన్యా చోలే. ఆ పెట్టెల మీద పడే ముద్ర నాది."