చెవి తెగిన కుక్క

మా పెద్ద బావ, అంటే మా ఆయన అన్న, విశాఖపట్నం నుంచి ఆ ఆడకుక్కను తెచ్చిన రోజు నుంచీ ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్లు మంట. బంగళాలో పెరిగిన జాతికుక్కట, ఏరికోరి కొన్నాడట. దాని పిల్లల్ని లంబసింగి చలి చూడ్డానికొచ్చే కార్లవాళ్లకు అమ్ముతాడట. దానికి తిండి పెట్టడం మాత్రం నా పని.

రెండేళ్లయినా అది ఒక్కసారి ఎదకు రాలేదు. ఊళ్లో మగకుక్కలు వాసన చూసి తమ దారిన తాము పోయేవి. బావ మంత్రగాడి చేత తాయెత్తు కట్టించాడు, ఏవో వేర్లు నూరి పోయించాడు. అది కక్కేస్తే కాలితో తన్నాడు. “గొడ్డుది” అని దాన్ని తిట్టినప్పుడల్లా ఓ చూపు నా మీద పారేసేవాడు. నాకు పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. ఆ చూపు అర్థం కాకపోవడానికి నేనేమన్నా మొద్దునా? మా ఆయన మాత్రం పక్కనే కాఫీ పళ్లు ఏరుకుంటూ కూర్చునేవాడు.

చివరికి బావ తేల్చేశాడు. పశువుల డాక్టరుకు చూపిస్తాడట, లాభం లేదంటే వచ్చేటప్పుడే ఘాట్ రోడ్డులో వదిలేస్తాడట. అది విన్నాక నేనూ అన్నదమ్ములిద్దరితో పాటు జీపెక్కాను.

ఎప్పుడైనా ఎదకొచ్చిందా, రక్తం కనిపించిందా అని డాక్టరు అడిగాడు. లేదన్నాను. ఆయన దాని చెవి పట్టుకుని చూశాడు. కొన తెగి ఉంది. మేం మేకలకు గుర్తుగా చెవులు కోస్తాం కదా, ఇదీ పాత యజమాని గుర్తేననుకున్నాం. డాక్టరు పొట్ట మీద వెంట్రుకలు గొరిగాడు. కింద సన్నటి కుట్ల మచ్చ.

“ఇది వీధికుక్కమ్మా. పట్నంలో మున్సిపాలిటీవాళ్లు ఇలాంటివాటిని పట్టుకుని గర్భసంచి తీసేసి, గుర్తుకి చెవి కోసి వదిలేస్తారు. ఇంకెక్కడి పిల్లలు?”

బావ మొహం చూడాలి అప్పుడు! ఎవడి చేతిలోనైనా మోసపోయాడో, రోడ్డు మీద ఎత్తుకొచ్చి మాకు కోతలు కోశాడో ఇప్పటికీ చెప్పలేదు. నా కడుపు చల్లబడింది. కుక్క మాత్రం, పాపం, లేని సంచి కోసం రెండేళ్లు చేదు మింగింది.

తిరుగుదారిలో బావ జీపు ఆపించి దాన్ని దింపేయమన్నాడు. నేను తాడు చేతికి చుట్టుకున్నాను.

“దింపను బావా. పిల్లల్ని కనకపోతే బతక్కూడదేటి?”

ముందు సీట్లో మా ఆయన తల కూడా తిప్పలేదు. డ్రైవరే, ఎవరినీ అడక్కుండా, గేరు వేసి బండి కదిలించాడు.