మంత్రి బంటుకి మామ్మ వేసిన అడ్డు

మా చిన్నప్పుడు... అంటే ధవళేశ్వరం దగ్గర గోదారికి ఆనకట్ట కడుతున్న రోజుల్లో... మా మేనత్త భర్త, మామయ్యగారు, కొత్తపేట నుంచి వచ్చేరంటే చాలు, ఇంట్లో మగవాళ్ళందరికీ ఒక్కసారిగా పొలం పనులు గుర్తొచ్చేసేవి. చదరంగానికి కూర్చోబెడతారని భయం!

ఆయన మంత్రి ముందున్న బంటుని తోసుకుంటూ వచ్చేవారు... నోట్లో తాంబూలం నలిగేలోపు మా నాన్న రాజు కట్టు. "ఈ ఇంట్లో ఆట తెలిసినవాళ్ళు లేరండీ" అని నవ్వేవారు.

తలుపు వెనకాల మా మామ్మ పళ్ళు నూరుకునేది. ఆట బాగా వచ్చినావిడే... కానీ అల్లుడి ఎదుటపడకూడదు కదా!

ఆ ఏడు అందరూ పడవ మీద ద్రాక్షారామం ప్రయాణం. పడవలో చోటు లేదని నన్ను మామ్మ దగ్గర ఉండిపొమ్మన్నారు. నాకు ఎనిమిదేళ్ళు... ఒకటే ఏడుపు. మామయ్యగారు నవ్వి, "రేపు పొద్దున్న నాతో ఆడవే. గెలవక్కర్లేదు. పడవవాడు పిలిచేదాకా ఓడిపోకుండా ఉండు, తీసుకెళ్తా" అన్నారు.

మామ్మ నన్ను ధాన్యం గదిలోకి లాక్కుపోయింది. "ఆయన మంత్రి బంటుకి ఎదురుగా నీ మంత్రి బంటుని నిలబెట్టు. మంత్రి పక్కనున్న శకటు ముందరి బంటుని ఒక్క గడి జరుపు." నేను గడగడా అప్పజెప్పేసేను.

"ఎందుకు జరిపేవే?"

"నువ్వు చెప్పేవు కదా మామ్మా!"

"గోదాట్లో దూకమంటే దూకుతావా?" అని నెత్తిన ఒక్క మొట్టికాయ. "పందిరికి రాట పాతమూ? ఇదే రాట. ముందున్న బంటుని ఎవరు తిన్నా వాళ్ళని ఇది తింటుంది. ఇంకో బంటుని ఊరికే ఇస్తానని ఆశపెడతారు. తిన్నావో... నీ బంటు చోటు వదిలేస్తుంది, నడుమంతా ఖాళీ!"

పొద్దున్నే ఆట మొదలు. నాలుగు ఎత్తులకే మామయ్యగారు ఓ బంటుని నా ముందుకి తోసేరు. నోరూరింది... తలుపు వైపు చూసేను. మామ్మ లేదు! అన్నం పొంగుతోందని వంటింట్లోకి వెళ్ళింది. నా బంటుని అక్కణ్ణుంచి తీసేస్తే ఏమవుతుందో నాకు నేనే ఆలోచించుకున్నాను... అప్పుడు తెలిసింది రాట అంటే ఏమిటో.

"తినవే, ఊరికే ఇస్తున్నా!"

"వద్దండి మామయ్యగారూ."

ఆయన మొహం చూడాలి! ఉత్తరీయం తీసి పక్కన పడేసేరు. రెండు చెంబుల మజ్జిగ తాగేరు. ఎక్కడ పొడిచినా గోడే...

పడవవాడు వచ్చేడు. "అయ్యగారూ, గోదాట్లో పోటు తగ్గిపోతోందండీ."

"ఉండవయ్యా, ఇంకొక్క ఎత్తు!"

మూడుసార్లు పిలిచి వెళ్ళిపోయేడు. మా అత్తయ్య మొగుణ్ణి వదిలేసి పడవెక్కేసింది! ఆట తేలలేదు... పడవ లేదు... మామయ్యగారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

మర్నాడు ఇంకో పడవ మీద, మాట ప్రకారం తీసుకెళ్ళేరు. దారిపొడుగునా దేవుడి ఊసే లేదు. "ఎవరు నేర్పేరే?" అని ఒకటే నస. చివరికి చెప్పేసేను. రేవు వచ్చేదాకా ఆయన వేళ్ళ మీద ఎత్తులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు.

తిరిగొచ్చేక తలుపు ముందు పీట వేయించుకుని, "అమ్మాయీ, మీ మామ్మగారు ఓ ఆట ఆడతారేమో అడుగమ్మా" అన్నారు.

"ఆయ్, ఆడతానని చెప్పవే" అంది లోపలి గొంతు.

అలా ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఏళ్ళ తరబడి ఆడుకున్నారు. ఇద్దరి పావులూ జరిపింది నేనే. ఒక్కో ఆట మూడేసి రోజులు...

ఇప్పుడు మా మనవడు దొరల పద్ధతంటూ బంటుని మొదటి ఎత్తుకే రెండు గళ్ళు దూకించేస్తున్నాడు. ఆట తొందరగా అయిపోతోంది... ఆడినవాళ్ళూ తొందరగా లేచి వెళ్ళిపోతున్నారు. మా రోజుల్లో ఆట తేలేదాకా చుట్టాలు కదిలేవారు కాదు.

మీకు ఆట నేర్పినవాళ్ళు ఎవరండీ? ఏ తలుపు వెనకాల ఉండేవారు? చెప్పండి... వినాలని ఉంది.