స్తంభం వెనక సీటు

మా పెదనాన్న ముప్పై ఏళ్ళు నాటకశాల కౌంటరులో టికెట్లు అమ్మాడు. ఒక్క నాటకం చూసిన పాపాన పోలేదు.

ఆ హాల్లో పదకొండో వరసలో ఏడు, ఎనిమిది సీట్ల ముందు లావుపాటి స్తంభం ఉంది. అక్కడ కూర్చున్నవాళ్ళకు స్తంభమే నాటకం. పెదనాన్న వాటినీ పూర్తి ధరకే అమ్మేవాడు. ఎవరైనా గొడవకొస్తే, "టికెట్టు వెనక్కి తిప్పి చదువుకోండి," అని చేతులు దులుపుకునేవాడు. అమ్మిన టికెట్టు వాపసు తీసుకోబడదని అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది.

తర్వాత చట్టం వచ్చింది. సీటుకు ఏదైనా అడ్డం ఉంటే కొనకముందే చెప్పాలి, చెప్పకపోతే డబ్బు తిరిగివ్వాలి. పెదనాన్న దాన్ని కంఠతా పట్టాడు. అడిగినా అడగకపోయినా, "స్తంభం ఉందండీ," అని చెప్పేవాడు. ఆ రెండు సీట్లూ ఇంక అమ్ముడుపోలేదు.

రిటైరైన రోజు యజమాని నాలుగు మంచి మాటలు చెప్పి, రెండు టికెట్లు చేతిలో పెట్టాడు. జనమందరిచేత టికెట్టు వెనక చదివించిన మనిషి, తన టికెట్టు ముందువైపు నంబరు చూసుకోలేదు.

తెర లేచింది. పెద్దమ్మ కాసేపు స్తంభాన్ని చూసింది.

"ఏమండీ, ముందే చెప్పాలని చట్టం ఉందన్నారుగా?"

"అది కొనుక్కున్నవాళ్ళకే. మనకు ఊరికే ఇచ్చారు."

"ముప్పై ఏళ్ళు కూర్చుంటే ఇచ్చారు. ఊరికే ఎలా అవుతుంది?"

పెదనాన్న టికెట్టు వెనక్కి తిప్పి చదువుకున్నాడు.