కుప్ప వేడెక్కిందని చెప్పాను

ఆబిడ్స్‌లో మేముండే అపార్టుమెంటు వెనక, ప్రహరీగోడకూ బోరు మోటారుకూ మధ్య మిగిలిన కాస్త నేలలో మా కోడలు కూరగాయల తొక్కలూ ఎండుటాకులూ పోగేసి ఎరువు చేస్తానని కూర్చుంది. లోపల వేడి పుడితేనే అది కుళ్లి ఎరువవుతుంది, పదిహేను రోజులైనా ఆ కుప్ప వేడెక్కలేదు. రోజూ అడిగి అడిగి కోడల్ని విసిగిస్తున్నానని తెలిసి, ఇవాళ పొద్దున ముసురులో నేనే వెళ్లి చెయ్యి దూర్చాను గానీ, షుగరు ముదిరాక నా వేళ్లకు వేడీ చలీ తెలియడం మానేసి ఏడాది దాటింది. చెయ్యి కడుక్కుంటూ ఉంటే మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన్ని తలుచుకోవడానికి ఇంతకన్నా మంచి సంగతులు ఎన్నో ఉన్నాయి, కానీ నాకు ఎప్పుడూ ఇదే ముందుకొస్తుంది.

రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో గోదావరి వైపు నుంచి ఉద్యోగంతో హైదరాబాదు వచ్చి, నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని, గన్‌ఫౌండ్రీలోని ఆఫీసుకు రోజూ నడిచి వెళ్లొచ్చిన మనిషి ఆయన. ముఖ్యమైన కాగితం ఏదైనా సరే ఆఫీసులో ఆయన చేతే రాయించేవారు, అంత చక్కటి చేతిరాత. నేను డిగ్రీ చదివే రోజుల్లో పక్షవాతం వచ్చి ఆ కుడిచెయ్యే పడిపోయింది. స్పర్శ తిరిగొస్తే కదలికా రావచ్చునన్న డాక్టరుగారు, వేణ్ణీళ్లలో పెట్టి చూడొద్దని, బొబ్బలెక్కినా తెలియదని కూడా హెచ్చరించారు. అప్పుడు నాన్నగారికి, చిన్నతనంలో చలికాలం పొద్దున్నే దొడ్లో పేడకుప్పలో చేతులు దూర్చి కాచుకున్న సంగతి గుర్తొచ్చింది. అంత మెత్తటి వేడి మరెక్కడా ఉండదని, అలాంటి కుప్ప ఒకటి పెరట్లో వెయ్యమని, ఆ వేడి తన చేతికి తెలిసిన నాడు మళ్లీ కలం పడతానని అన్నారు.

పోగేసే పని నాది. పాలవాడి దగ్గర పేడ, ఎదురింటి వేపాకులు, మా వంటింటి తొక్కలు. అయితే మా అమ్మకు పెరడు అద్దంలా ఉండాలి. ఈగలు ముసిరే గుట్టను చూస్తూ ఊరుకోలేక, నేల అలికే చేత్తోనే పేడా ఎర్రమట్టీ కలిపి దాన్నీ నున్నగా అలికేసి, పైన ముగ్గు కూడా పెట్టేది. పసుపూ కుంకుమా పెట్టలేదు, అదే పదివేలు. కుప్ప చూడముచ్చటగా ఉండేది, లోపల మాత్రం చల్లగా ఉండేది.

వేడెక్కిందా అని నాన్నగారు రోజూ అడిగేవారు. ఇంకా లేదన్న ప్రతిసారీ ఆయన ముఖం వాడిపోయేది. ఒకరోజు ఇక చూడలేక, ఎక్కింది అని చెప్పేశాను. మాటకే సంతోషిస్తారనుకున్నాను గానీ లేచి వస్తారనుకోలేదు. ఉతికిన పంచె కట్టుకుని, ఎడమచెయ్యి నా భుజం మీద వేసి వచ్చారు. ఆ చెయ్యి తీసి కుప్పను తాకి చూద్దామంటే నిలబడలేరు, అందుకని కుప్ప వేడికి నా మాటే ఆయనకు సాక్ష్యం. నేనే అలుకు పెళ్లగించి ఆయన కుడిచేతిని లోపల పెట్టాను. చల్లటి తడి నా వేళ్లకు తెలుస్తూనే ఉంది. బాగా వేడిగా ఉందా అమ్మా అని అడిగారు. అవునన్నాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. అంత వేడీ తన చేతికి తెలియలేదనుకుని, ఆయన నా భుజం పట్టుకునే లోపలికి వెళ్లిపోయారు.

రెండు రోజుల తర్వాత, పక్క వాటాలో ఉండే అక్క మా పెరట్లోకి వచ్చింది. పాలమూరు వైపు సేద్యం వదులుకుని, స్టేషన్లో మూటలు మోసే భర్తతో వచ్చిన మనిషి. ముగ్గు చూసి నవ్వాపుకోలేక, "గిట్ల అలికి ముగ్గేస్తే పెంట ఎట్ల ఉడుకైతదమ్మా? దానికి గాలాడాలె. జర జరుగున్రి" అని మా అమ్మను పక్కకు తప్పించి, కుప్పంతా తిరగేసి ఎండుగడ్డీ కొత్త పేడా కలిపింది. నాలుగో రోజు పొద్దున గడ్డపార అందులో గుచ్చి, కాసేపాగి తీసి నా చేతికిచ్చింది. పట్టుకోలేక వదిలేశాను. కుప్ప మీంచి ఆవిరి లేస్తోంది.

పరుగున వెళ్లి, మొన్న చెప్పింది అబద్ధమని, ఇవాళ నిజంగానే వేడెక్కిందని ఏడుస్తూ చెప్పాను. నాన్నగారు ఎడమచేత్తో నా తల నిమిరి, "నన్ను ఊరడించడానికి ఎన్ని తంటాలు పడుతున్నావే తల్లీ" అన్నారు. గుమ్మంలోంచి అక్క కూడా, "నిజమే సారూ, ఒక్కపారి చెయ్యి పెట్టి చూడున్రి" అని బతిమాలింది. ఆయన లేవలేదు. ఆ తర్వాత బతికిన మూడేళ్లూ ఆ చేతిని తుండుగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు. ఆ ఎరువుకు మా బీరపాదు విరగకాసింది గానీ నాకు ఆ కూర సయించలేదు. ఆ చేతికి వేడి తెలిసి ఉండేదేమోనన్న ఆలోచన నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

ఆ వాటాలు లేవు, పెరళ్లు లేవు. గడ్డపార పట్టుకుని చనువుగా లోపలికొచ్చి, మీరు చేసింది తప్పని మొహం మీదే చెప్పే పొరుగువాళ్లూ ఇప్పుడు లేరు. ఈ అపార్టుమెంటులో ఎదుటి తలుపు వాళ్ల ఊరేదో కూడా నాకు తెలియదు.

మధ్యాహ్నం కోడలు కుప్ప కదిపి వచ్చింది. వేడెక్కిందా అని అడిగాను. నా వైపు చూడకుండా చేతులు తుడుచుకుంటూ, "ఎక్కింది అత్తయ్యా, బాగా ఎక్కింది" అంది. నిజమే అయ్యుండవచ్చు. పోన్లే తల్లీ, మంచిదైంది అని, చేతులు రెండూ కొంగులో దాచుకుని కూర్చున్నాను.