ఇంటర్నెట్టుకు టీజీ ప్లేటు

తెలంగాణ ఉద్యమం రోజులవి. బందులు బస్సులను ఆపాయి, కొట్లను మూయించాయి గానీ సిద్దిపేటలో ఇంటర్నెట్టును ఆపలేకపోయాయి. ఆ ఘనకార్యం నేను ఒంటిచేత్తో చేశాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నా ఎదుట మాత్రం వద్దు.

ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీలో అప్పుడే చేరాను. ఇంటర్నెట్లో ఇంటికో అడ్రస్ ఉండాలి. పాత పద్ధతిలో అడ్రసులు అయిపోవచ్చి, పదేసి ఇళ్లు ఒకదాన్నే పంచుకుంటున్నాయి. కొత్త పద్ధతిలో ఎవరిది వారికే. అందుకు జనం తమ ఇంటర్నెట్ డబ్బా మా ఆఫీసుకు తేవాలి, నేను సెట్టింగు మార్చాలి.

"శనివారం లోపట నూరు డబ్బలు రావాలె. రాకుంటే సోమవారం నువ్వు రాకు," అన్నాడు ఓనర్ రాజలింగం సార్.

ఎవరూ రాలేదు. "నెట్ మంచిగనే వస్తున్నది గదా, ఎందుకు కెలుకుడు?" అన్నారు.

అప్పుడు నాకో తెలివి పుట్టింది. పుట్టకపోయినా బాగుండేది! ఊళ్లో ప్రతి బండి నంబరు ప్లేటు మీదా ఏపీ చెరిపి టీజీ రాయించుకుంటున్నారు. కొత్త అడ్రసుల్లో అంకెలతోపాటు అక్షరాలూ ఉంటాయని విన్నాను. అంతకుమించి నాకేమీ తెలియదు. వెంటనే బోర్డు పెట్టేశాను: 'మీ ఇంటర్నెట్ అడ్రసులో టీజీ! డబ్బా తెచ్చినవారికే!'

తెల్లారేసరికి వాకిట్లో జాతర. ఎవరి డబ్బా మీద వారు పేరు చీటీ అతికించి, "జై తెలంగాణ" అంటూ నా భుజం తట్టి పోయారు. నూరోది ఖాదర్ భాయ్‌ది. ఊళ్లో సగం బండ్లకు టీజీ రాసిన పెయింటర్ ఆయనే.

"నా పని మిషిన్‌కు అప్పజెప్పినవా బేటా? ఎట్ల రాస్తదో సూస్త," అని అక్కడే కూర్చున్నాడు.

టీజీ కొట్టాను. కంప్యూటర్ తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పంది. హైదరాబాద్ ఇంజనీరుకు ఫోన్ చేశాను.

"అక్షరాలు ఏ నుంచి ఎఫ్ దాకనే ఉంటయ్ తమ్మీ."

"జీ ఎఫ్ పక్కపొంటే ఉంటది గదన్నా! జర జరిపి చూడుండ్రి."

"జరుపనీకి అది బస్సుల సీటా?"

"మరి 'ఏ' ఎందుకున్నదన్నా? ఏపీ కోసమేనా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. టీజీ లేదంటే జనం డబ్బాలు పట్టుకుపోతారు, నా ఉద్యోగం వాటి వెంటే పోతుంది.

ఖాదర్ భాయ్ నవ్వాడు. "బండ్ల మీద రాసెటందుకు ఆర్టీవో ఒప్పుకున్నడా? నేను రాయలేదా? మిషిన్ ఒప్పుకోకుంటే ఏందిరా, డబ్బల మీదనే రాస్త. నువ్వు పొయ్యి చాయ్ తాగి రా."

ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాను. ఒక చాయ్ తాగాను, ఇంకోటి తాగాను, హోటల్లో నా తెలివి మీద చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి నూరు డబ్బాల మీదా ఎర్రగా, తళతళలాడుతూ టీజీ! రాజలింగం సార్ కూడా వచ్చి ఉన్నాడు.

"మస్తున్నయ్ రా! గిది ఎవలిది?" అని ఒకటి ఎత్తాడు.

చీటీ లేదు. తిప్పి చూశాను. రిజిస్టరులో పేరు వెతుక్కుందామంటే, అడుగున కంపెనీ వేసిన నంబరు కూడా లేదు.

"ఖాదర్ భాయ్, చీటీలేవి?"

"చీటీల మీద పెయింట్ నిలుస్తదా బేటా? ముందుగాల టర్పెంటాయిల్ పెట్టి కిందికెళ్లి మీదిదాంక సాఫ్ జేసిన," అన్నాడు గర్వంగా.

సార్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇంటికో అడ్రస్ ఇయ్యిరా అంటే, నూరిండ్లకు ఒక్కటే జేసినవ్ గదరా!"

ఆ నూరిళ్లలో నెట్ ఆగిపోయింది. నెల రోజులు గోనెసంచిలో డబ్బాలు మోస్తూ వీధివీధీ తిరిగాను. "ఇది మీదేనా అమ్మా?" అంటే, ప్రతివారూ రాత బాగున్నదాన్ని ఏరుకుని "ఇదే మాది" అన్నారు. ఉద్యోగం మాత్రం పోలేదు. నన్ను తీసేస్తే ఆ సంచి సారే మోయాలి కదా!

ఆ సంచి మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో పెయింటర్ను పనిలో పెట్టి చాయ్‌కి పోను. తప్పదంటే, ఆయన్నీ వెంట తీసుకుపోతాను.