డీజిల్ వాసన లేని బస్సు

బూర్గంపాడు నుంచి ఖమ్మం దాకా ఇరవై ఏళ్లకు పైగా బస్సు నడిపాను. కానీ నా బస్సులో మా ఆవిడను ఒక్కసారి కూడా ఖమ్మం చేర్చలేకపోయాను. ఆమెకు డీజిల్ వాసన పడదు. నిమ్మకాయ ముక్కుకు ఆనించుకుని ముందు సీట్లో కూర్చున్నా, పాల్వంచ దాటేలోపే కిటికీలోంచి తల బయట పెట్టేది. రెండుసార్లు కొత్తగూడెంలో దింపి రైలెక్కించాను. డ్యూటీ దిగి ఇంటికొస్తే ఖాకీ చొక్కా బయటి దండెం మీద వేసి, స్నానం చేశాకే నన్ను లోపలికి రానిచ్చేది. నాకు మాత్రం ఆ వాసనే తెలిసేది కాదు.

రిటైరయ్యాక, పోయిన చలికాలం ఇద్దరం ఢిల్లీ చూడటానికి రైల్లో వెళ్లాం. అక్కడ హైడ్రోజన్ బస్సులు కొన్ని ప్రయోగంగా తిప్పుతున్నారని విని, ఒకటి ఎక్కాలనిపించింది. ఆమె ససేమిరా అంది.

"బస్సంటే బస్సే గదా. ఊరుగాని ఊళ్లె నన్ను ఆగం చెయ్యకు."

"వాసనొస్తే ఎమ్మటే దిగుదాం" అని మాటిచ్చి ఎక్కించాను.

ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది. రెండు స్టాపులు పోయాక మెల్లగా తెరిచింది.

"ఏమయ్యా, ఇంకా స్టార్ట్ చెయ్యలేదా?"

"బయట చూడు, ఎంత దూరం వచ్చినమో."

కొంగు దించింది. చివరి స్టాపు దాకా మళ్లీ పెట్టుకోలేదు.

దిగాక ఆ బస్సు డ్రైవరుకు నాకొచ్చిన హిందీలో నేనూ డ్రైవర్‌నేనని చెప్పాను. అతను సంబరంగా మమ్మల్ని బండి వెనక వైపుకు తీసుకుపోయి చూపించాడు. సిలిండర్లలోని హైడ్రోజన్ గ్యాసు గాలితో కలిస్తే కరెంటు పుడుతుందట, దాంతో మోటారు తిరుగుతుందట. ఆ గ్యాసు తయారీకి బొగ్గు మండిస్తే మాత్రం పొగ అక్కడ లేస్తుందని, ఎండతో పుట్టిన కరెంటు వాడితేనే అసలు మేలని కూడా దాచకుండా చెప్పాడు. పొగ రావాల్సిన గొట్టం నుంచి బొట్టుబొట్టుగా ఏదో కారుతోంది. మా ఆవిడ అరచెయ్యి పట్టింది.

"గిదేంది, నీళ్లా?"

"అవ్. గంతే, పొగ లేదు."

"గిసొంటి బండి నీకిచ్చి ఉంటే, రోజూ నీ ఎంబడే ఖమ్మం వస్తుంటి."

నాకు నవ్వొచ్చింది, మనసు కాస్త చివుక్కుమంది కూడా. ఆ దారిలోని అడవి పల్లెల్లో, స్టాపుల దగ్గర నిలబడ్డవాళ్ల మొహాల మీద ఇన్నేళ్లు నేనెంత పొగ వదిలానో అప్పుడే ఆలోచించాను.

మర్నాడు పొద్దున కోట చూద్దామన్నాను.

"కోట యాడికి పోతది? ముందు ఆ బస్సెక్కుదాం" అంది.