నీకెవులు పంపినారు?

పొద్దున పోపు వేస్తుంటే ఫోను టింగుమంది. ఎన్ని ఆవాలు చిటపటలాడుతున్నా ఆ చప్పుడు మాత్రం నా చెవిన పడి తీరుతుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ గ్రూపులో పైడితల్లి మేడం ఫోటో, దాని చుట్టూ పూలదండ, కింద "ఇక లేరు" అని. నేను చూస్తుండగానే చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పోయిందని వీళ్ళకెవరు చెప్పారు? ఒక్కరైనా కనుక్కున్నారా? ఇలా ఆరా తీసే జబ్బు నాకంటించింది ఆవిడే.

మా ఊరి కాలేజీలో ఆవిడ కొత్త మాధ్యమాలు, డిజిటల్ సంస్కృతి అనే కోర్సు చెప్పేది. రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు కూతురు. క్లాసులో ఇంగ్లీషు, బెంగాలీ. వరండాలో మాతో మాత్రం ఇంటి తెలుగు. రీల్స్ చెయ్యడం నేర్పుతారని ఆశపడి చేరాం. నేర్పలేదు. ఫోనులో ఏది చూపించినా "నీకెవులు పంపినారు? ఆలకెవులు పంపినారు?" అంటూ మొదట పంపినవాళ్ళ దాకా లాగేది. పోనీ ఫోన్లో కనుక్కుంటామంటే ఒప్పుకునేది కాదు, ఎదురుగా నిలబడి అడగాలట. పిల్లి వీడియోకీ అదే తంతు! ఎండలో సైకిళ్ళు తొక్కించి మా ప్రాణాలు తోడేసింది.

అమ్మకు ప్రేమ్ బజార్‌లో ఇడ్లీ బండి. ఇల్లు గడిచేది దానిమీదే. ఒకరోజు ఉన్నట్టుండి బండి దగ్గరకు ఎవరూ రాలేదు. రోజూ వచ్చే కుర్రాళ్ళు తల దించుకుని పక్క కొట్టుకు పోతున్నారు. చివరికి ఒక తెలుగు విద్యార్థి మొహమాటపడుతూ ఫోను చూపించాడు. ఎవడో చట్నీలో మురికినీళ్ళు కలుపుతున్న వీడియో, కింద బెంగాలీలో "ప్రేమ్ బజార్ తెలుగువాళ్ళ బండి" అని. ఆ చేతులు మగవాడివి, ఆ గిన్నె మాది కాదు. అంత పరీక్షగా ఎవరు చూస్తారు? "రేపట్నుంచి పిండి రుబ్బాలా, వద్దా?" అని అమ్మ అడిగింది. నేను మేడం దగ్గరికి పరిగెత్తాను.

"ఊళ్ళో అందరూ మీ మాట వింటారు మేడం. ఇది అబద్ధమని గ్రూపులో ఒక్క ముక్క పెట్టండి."

"పెడతాను. నీకెవులు సూపించినారు?"

"ఇప్పుడా మేడం? అక్కడ మా బండి మూతపడిపోతోంది!"

"అందుకే అడుగుతన్నాను. సైకిల్ తియ్యి."

పీక నొక్కేద్దామనిపించింది. అయినా సైకిల్ తీశాను. ఆవిడ వెనకెక్కి కూర్చుంది, బరువు వేరే. విద్యార్థికి పంపింది జెరాక్సు కొట్టు దాదా, బెంగాలీ అన్న. దాదాకు పంపింది ఖరిదా పేటలో ఉండే దీదీ, ఆవిడా బెంగాలీయే. ఆ దీదీ పక్కింటి వైపు వేలు చూపించింది. అది మా మేనత్త ఇల్లు!

అత్త బిత్తరపోయింది. "మంచికే పెట్టినానే! ఎక్కడిదో వీడియో వస్తే, మన ప్రేమ్ బజార్ బండి కాడ ఇలాటిది జరక్కండా సూసుకో వదినా అని మాట రికార్డు సేసి పెట్టినాను. మనింటి గ్రూపనుకున్నాను. వీధి గ్రూపులో పడిపోనాది." తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన దీదీ, సొంత మనుషులే జాగ్రత్త చెబుతున్నారు కదా అని నమ్మి, బెంగాలీలో నాలుగు ముక్కలు చేర్చి పంపేసింది.

నేను అత్త మీద విరుచుకుపడ్డాను. మేడం నా చెయ్యి పట్టుకుంది. "అరిస్తే ఆ వీడియో ఆగుతాదా? ఒచ్చిన దారినే ఎనక్కి ఎల్దాం. అత్త కూడా వస్తాది." అత్తను తిడితే బండి నడవదని ఆవిడకు తెలుసు. నాకు మాత్రం తిట్టాలనే ఉంది. అత్త ప్రతి గుమ్మంలోనూ నిలబడి, వచ్చీరాని బెంగాలీలో తన పొరపాటు తనే చెప్పుకుంది. మర్నాడు అత్తా, దీదీ, దాదా మా బండి ముందు నిలబడి అందరూ చూస్తుండగా ఇడ్లీలు తిన్నారు. మేడం పెడతానన్న ముక్క అప్పుడు పెట్టింది. జనం మెల్లగా తిరిగొచ్చారు. అందరూ రాలేదు. అమ్మ మాత్రం పిండి రుబ్బడం మానలేదు.

ఇవాళ నేను గ్రూపులో ఏమీ రాయలేదు. స్టవ్ ఆపి, స్కూటీ తీసి, ఫోటో పెట్టినావిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఇంకొకరి పేరు చెప్పింది, వాళ్ళు మరొకరిని. తిట్టుకుంటూనే తిరిగాను. చివరికి మేడం ఇంటి తలుపే తట్టాల్సి వచ్చింది. ఆవిడే తీసి "నీకెవులు పంపినారు?" అని గదమాయిస్తే బాగుండుననుకున్నాను.

మేడం చెల్లెలు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నిజమేనమ్మా," అంది. "పొద్దున్నించి ఫోన్లో అందరూ దండాలే పెడతన్నారు. ఉందా, పోయిందా అని అడగడానికొచ్చింది నువ్వొక్కదానివే."

ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.